యూదుల ఇంట పెద్దల సేవకు వెళ్తున్న చెల్లెలికి

మీ ప్రశ్న చదివాను, చెల్లెమ్మా. యెరూషలేములో ఒక యూదు కుటుంబంలో కేర్‌గివర్‌గా పని కుదిరిందనీ, ఎనభై ఆరేళ్ల పెద్దావిడను చూసుకోవాలనీ, ఆవిడకు మతిమరుపు జబ్బనీ, ఇల్లు చాలా నిష్ఠగల ఇల్లని ఏజెంటు చెప్పాడనీ రాశారు. మూడు సంగతులు అడిగారు. వాళ్ల ఆచారాలు ఏమిటి? ఐదుగురు పిల్లలుండి కన్నతల్లిని పరాయి మనిషికి అప్పగించేవాళ్లకు ప్రేమ ఉంటుందా? మన అమ్మను నిజామాబాద్‌లో వదిలేసి ఇంకొకరి అమ్మకు సేవ చేయడం తప్పు కాదా?

నేను ఆ దేశంలో పదమూడేళ్లు పని చేశాను. మొదట యెరూషలేములో ఒక తాతగారి దగ్గర, తర్వాత అష్దోద్ పట్టణంలో మొరాకో నుంచి వచ్చి స్థిరపడిన ఒక అమ్మమ్మగారి దగ్గర. రెండూ మతనిష్ఠ ఉన్న ఇళ్లే. నేను చూసింది, వాళ్లు నాకు కూర్చోబెట్టి చెప్పింది రాస్తాను. రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు దొరికితే ఆచారాలు వాటంతటవే అర్థమవుతాయి.

మీరు చర్చికి వెళ్లే కుటుంబమని రాశారు. కాబట్టి నిర్గమకాండంలోని 'నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము' అన్న ఆజ్ఞ మీకు చిన్ననాటి నుంచి కంఠతా వచ్చే ఉంటుంది. మన చెవికి సన్మానం అంటే శాలువా, పూలదండ, వేదిక మీద నాలుగు మంచి మాటలు. యూదు పండితులు ఆ మాటను అలా గాలిలో వదిలేయలేదు. సన్మానం అంటే ఏమేమి చేయాలి అని టాల్ముడ్ అనే తమ పాత ధర్మచర్చల గ్రంథంలో ప్రశ్న వేసుకుని ఆరు పనులు రాసిపెట్టారు. తినిపించాలి. తాగించాలి. బట్టలు తొడగాలి. దుప్పటి కప్పాలి. లోపలికి తీసుకురావాలి. బయటికి తీసుకెళ్లాలి.

తాతగారి పెద్ద కూతురు ఒక సాయంత్రం ఇది చెప్పినప్పుడు నేను వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ మీద అంటించి ఉన్న కాగితం చూసుకున్నాను. ఏజెన్సీవాళ్లు నాకిచ్చిన రోజువారీ పనుల పట్టిక అది. భోజనం, నీళ్లు, మందులు, స్నానం, బట్టలు మార్చడం, సాయంత్రం చక్రాల కుర్చీలో బయటికి తీసుకెళ్లడం. వరస కూడా దాదాపు అదే. వాళ్ల పదిహేను వందల ఏళ్ల నాటి గ్రంథంలో ఉన్న సన్మానం, నేను నెల జీతానికి చేస్తున్న పని ఒక్కటేనని నాకు ఆ రోజు తెలిసింది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. పొరుగువాణ్ణి ప్రేమించు, పరదేశిని ప్రేమించు, దేవుణ్ణి ప్రేమించు అని వాళ్ల ధర్మశాస్త్రంలో ఉంది. తల్లిదండ్రుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రేమించు అని లేదు. సన్మానించు, భయభక్తులతో ఉండు అని మాత్రమే ఉంది. ప్రేమ ఉంటే మంచిదే. కానీ ఏ ఇంట్లో ఏ తండ్రి ఎలాంటివాడో, ఏ తల్లి ఎంత కఠినంగా పెంచిందో ఎవరికి తెలుసు? ప్రేమ పుట్టలేదని తినిపించడం మానడానికి వీల్లేదు. అందుకని మనసుకు కాకుండా చేతికి పని చెప్పారు. మొదట్లో ఇది నాకు కాస్త పొడిగా అనిపించింది. మనం మాతృదేవోభవ అనే వాళ్లం కదా. కానీ పదమూడేళ్లు మంచం పక్కన గడిపిన తర్వాత నాకు తెలిసిందేమిటంటే, తెల్లవారుజామున మూడు గంటలకు తడిసిన పక్క మార్చాల్సి వచ్చినప్పుడు మనిషిని లేపేది ప్రేమ కాదు, చేయాల్సిన పని అన్న తెలివి. ప్రేమ ఆ పని చేస్తుండగా వస్తుంది. ఒక్కోసారి రాదు. అయినా పక్క పొడిగా ఉంటుంది.

భయభక్తులు అన్నదానికి కూడా పట్టీ ఉంది. తండ్రి కూర్చునే చోట కూర్చోకూడదు, ఆయన నిలబడే చోట నిలబడకూడదు, ఆయన మాటకు ఎదురు చెప్పకూడదు. దీన్ని కళ్లారా చూశాను. తాతగారు చివరి రెండేళ్లు మంచం దిగలేదు. భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీ అలాగే ఉండేది. పండుగకు ఇరవై మంది వచ్చి కుర్చీలు చాలక మనవలు మెట్ల మీద కూర్చున్నా, అరవై ఏళ్ల కొడుకు నిలబడే తిన్నాడు తప్ప ఆ కుర్చీలో కూర్చోలేదు. హీబ్రూలో మనకున్నట్టు నువ్వు, మీరు అన్న తేడా లేదు. తండ్రినీ 'నువ్వు' అనే అంటారు, వింటే మనకు కటువుగా ఉంటుంది. వాళ్ల గౌరవం మాటలో కాదు, ఆ ఖాళీ కుర్చీలో ఉంది. అక్కడ బస్సు ఎక్కినప్పుడు ముందు సీట్ల దగ్గర చూడండి, తల నెరసిన వారి ఎదుట లేచి నిలబడాలన్న లేవీయకాండపు మాట రాసి ఉంటుంది.

మరి ఇంత చెప్పినవాళ్లు తల్లిని కేర్‌గివర్‌కు ఎందుకు అప్పగిస్తారు? దీనికి కూడా వాళ్ల దగ్గర రాతపూర్వకంగా జవాబు ఉంది. అది నన్ను కదిలించిన జవాబు. పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో రంబం అనే గొప్ప పండితుడు ఉండేవారు, బయటి ప్రపంచం మైమోనిడీస్ అంటుంది. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. తన ధర్మగ్రంథంలో ఆయన ఇలా తీర్పు రాశారు. తల్లికో తండ్రికో మతి చలిస్తే, బిడ్డ వాళ్ల మతి ఎలా ఉంటే అలా నడుచుకోవడానికి ప్రయత్నించాలి. జబ్బు బాగా ముదిరి ఇక తట్టుకోలేని స్థితి వస్తే, తాను పక్కకు తప్పుకుని, వాళ్లను తగినట్టుగా చూసుకొమ్మని ఇతరులను నియమించవచ్చు. ఆయన తర్వాతి తరం కాదు, సమకాలికుడే అయిన రావద్ అనే పండితుడు దీన్ని వెంటనే ఖండించాడు. కన్నబిడ్డే వదిలి వెళ్తే ఇక ఎవరిని నియమిస్తాడు, ఎవరు చూస్తారు అని అడిగాడు. ఇద్దరి మాటలూ ఒకే పుటలో, ఒకదాని పక్కన ఒకటి అచ్చై ఉంటాయి. యూదు గ్రంథాల తీరు అది, ఓడిన వాదాన్ని చెరిపేయరు.

ఆ 'ఇతరులు' మనమే, చెల్లెమ్మా. రావద్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది కూడా మనమే. కాబట్టి ఆ ఐదుగురు పిల్లలను చూడగానే ప్రేమ లేనివాళ్లని తీర్మానించుకోకండి. ఏడాదిపాటు ఎవరు వస్తున్నారో, వచ్చి ఏం చేస్తున్నారో చూడండి. తాతగారి కొడుకు ప్రతి మంగళవారం సాయంత్రం వచ్చి తండ్రి కాళ్ల గోళ్లు తీసేవాడు, నన్ను చేయనిచ్చేవాడు కాదు. అలాగని పట్టించుకోని పిల్లలు అక్కడా ఉన్నారు. ఆ మాట దాచను.

మీ జీతం ఆవిడ పింఛను నుంచే ఇస్తున్నారని తెలిసి మీరు బాధపడినట్టు రాశారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను, ఇంత సంపాదించే కొడుకులు తండ్రి డబ్బుతోనే తండ్రికి అన్నం పెడుతున్నారా అని. అది పిసినారితనం కాదు. శాస్త్రం ప్రకారం తిండి ఖర్చు తండ్రి సొమ్ములోంచే పెట్టవచ్చు, బిడ్డ ఇవ్వాల్సింది తన శ్రమ, తన సమయం. తండ్రి దగ్గర లేకపోతే, బిడ్డ దగ్గర ఉంటే, అప్పుడు తన డబ్బు పెట్టి తీరాలి. పైగా 1988 నుంచి వృద్ధుల సేవకు అక్కడి జాతీయ బీమా సంస్థ కొంత భాగం ఇస్తుంది.

ఇప్పుడు ఆచారాలు. వంటగది త్వరగా చెప్తాను, వారంలో చేయి తిరుగుతుంది. మాంసానికి, పాలకు గిన్నెలు, చెంచాలు, కొన్ని ఇళ్లలో తొట్లు కూడా వేరు. చాలాచోట్ల ఎరుపు గుర్తు మాంసానికి, నీలం గుర్తు పాలకు. పొరపాటున కలిస్తే దాచకండి, వెంటనే చెప్పండి, దానికి పరిష్కారం రబ్బీని, అంటే వాళ్ల మతగురువును, అడిగి తెలుసుకుంటారు. దాస్తేనే నమ్మకం పోతుంది. గుడ్డు గాజు గిన్నెలో కొట్టి రక్తపు చుక్క ఉందేమో చూసి వేయాలి. ఆకుకూరలో, బియ్యంలో ఒక్క పురుగు ఉండకూడదు. ఈ పని మనకు కొత్త కాదు. అష్దోద్ అమ్మమ్మగారి ఇంట్లో పస్కా పండుగకు ముందు బియ్యాన్ని తెల్లగుడ్డ మీద పోసి మూడుసార్లు ఏరేవాళ్లు. నేను చేటలో ఏరినట్టు వేళ్లతో జరుపుతూ ఏరుతుంటే ఆవిడ నా చేతులనే చూస్తూ కూర్చుంది, ఎవరు నేర్పారని అడిగింది. మా అమ్మ అన్నాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బియ్యం నా పని. అన్నట్టు యెరూషలేములో మీరు వెళ్లే కుటుంబం ఐరోపా నుంచి వచ్చినవారైతే ఆ పండుగ రోజుల్లో బియ్యం అసలు ముట్టరు, ముందే అడిగి తెలుసుకోండి.

మీరు వంట చేసేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి పొయ్యి వెలిగించి వెళ్తారు. యూదులు కానివారు మొదటి నుంచి చివరి వరకు వండింది తినకూడదన్న నియమం ఉంది, వాళ్లు మంట వెలిగిస్తే చాలు. మొరాకో వైపు వాళ్లయితే గిన్నె కూడా వాళ్లే పొయ్యి మీద పెడతారు. దీన్ని సులువుగానే తీసుకున్నాను.

సులువుగా తీసుకోలేనిది ద్రాక్షరసం సంగతి. మూత తీసిన సీసాను మనం ముట్టుకుంటే వాళ్లు తాగరు. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మొదటి శుక్రవారం బల్ల సర్దుతూ సీసా తీసి పక్కన పెట్టాను. కోడలు ఒక్క మాట అనకుండా దాన్ని తీసుకెళ్లి తొట్లో వంపేసింది. మన దేశంలో ముట్టు, మైల, అంటు అన్న మాటలు ఎవరి మీద ఎలా వాడారో తెలిసిన మనిషికి అది ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు వారాలకు పెద్ద కూతురిని నేరుగా అడిగాను. పూర్వం అన్యులు ద్రాక్షరసాన్ని విగ్రహాలకు ధారపోసేవారనీ, ఆ భయంతో పుట్టిన నియమమనీ, కాచిన ద్రాక్షరసానికి అది వర్తించదనీ చెప్పింది. తర్వాతి వారం నుంచి ఆ ఇంటికి కాచిన రసమే కొన్నది. అదే బల్ల మీద నేను ముట్టిన రొట్టె తిన్నారు, నా చేత్తో వాళ్ల నాన్నకు స్నానం చేయించారు, కాబట్టి ఇది మనిషి మైల అన్న భావన కాదని నాకు అర్థమైంది. అర్థమైనా మొదటి రోజు నొప్పి నొప్పే. మీకు ముందే చెప్తున్నాను, ఆ నొప్పి మీకు ఉండకూడదని. బల్ల మీద సీసా ఉంటే వదిలేయండి, కాచినదేనా అని ఒక్కమాట అడగండి.

షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం, దాని గురించి ఎంత రాసినా తక్కువే. శుక్రవారం సూర్యుడు అస్తమించక ముందు నుంచి శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనిపించేదాకా, సుమారు ఇరవై అయిదు గంటలు. ముప్పై తొమ్మిది రకాల పనులు నిషిద్ధం. నిప్పు వెలిగించడం, వండటం, రాయడం, చింపడం అందులో ఉన్నాయి. దీపాలు గడియారపు స్విచ్చు మీద వాటంతటవే వెలిగి ఆరిపోతాయి. భోజనం వేడి పలక మీద ముందురోజే పెట్టేస్తారు. ఫ్రిజ్‌లో బల్బు ముందే తీసేస్తారు, మీరు మరచిపోయి బిగించకండి. బాత్రూములో చుట్ట కాగితం బదులు విడివిడి కాగితాలు పెట్టాలి, ఎందుకంటే చింపకూడదు.

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. షబ్బాత్ నాడు ఆ ఇంట్లో అడగడానికే లేదు. తమకు నిషిద్ధమైన పనిని యూదుడు కానివారితో చెప్పి చేయించుకోవడం కూడా నిషిద్ధమే. అందుకని ఎవరూ 'ఫ్యాను వెయ్యి' అనరు. 'ఈ గదిలో ఉక్కగా ఉంది' అంటారు. నేను మొదటి నెల 'అవునండీ, బాగా ఉక్కగా ఉంది' అని ఊరుకునేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు కాదు, మళ్లీ అనేవాళ్లు కాదు, చెమటలు తుడుచుకుంటూ కూర్చునేవాళ్లు. ఒకరోజు గుమ్మంలో ఉన్న చిన్న మనవరాలు నా కొంగు లాగి స్విచ్చు వైపు చూసింది. అప్పుడు తెలిసింది. ఇందులో మీరు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, మీ అవసరానికి మీరు గదిలో దీపం వేసుకుంటే ఆ వెలుగులో వాళ్లూ కూర్చోవచ్చు. వాళ్ల కోసమే వేస్తే ఆ వెలుగు వాడుకోరు. రోగి అవసరాలకు ఈ కట్టుబాటు చాలావరకు సడలుతుంది. కాబట్టి వెళ్లిన మొదటి గురువారమే కూర్చుని ఒక్కొక్కటి అడిగి రాసుకోండి: స్నానానికి వేడినీళ్లు, మంచం పైకి లేపే మీట, వినికిడి యంత్రం, మందులు నూరడం.

ప్రాణం మీదకు వస్తే మాత్రం ఏ నియమమూ లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒక శనివారం మధ్యాహ్నం తాతగారికి ఊపిరి ఆడలేదు. నా ఫోను నా గదిలో ఉంది. షబ్బాత్ కదా, వీళ్ల ముందు తేవచ్చా, చేయవచ్చా అని నేను ఒక్క క్షణం తడబడ్డాను. ఆ కోడలు, ద్రాక్షరసం వంపేసిన కోడలే, శుక్రవారం సాయంత్రం తర్వాత ఫోను వైపు చూడని మనిషి, నా గదిలోకి పరుగెత్తి తానే 101 నొక్కింది, అక్కడ అంబులెన్సు నంబరు అది. అంబులెన్సు వెళ్లిపోయాక నేను తప్పు చేసినట్టు నిలబడితే, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ప్రాణాపాయంలో ఈ పని అన్యులతోనో పిల్లలతోనో చేయించాలని చూడకూడదు, పెద్దలే చేయాలని శాస్త్రంలో ఉందట. చూసేవాళ్లకు అనుమానం మిగలకూడదు కదా. ఆజ్ఞలు ఇచ్చింది వాటితో బతకడానికి, చావడానికి కాదు అన్నది వాళ్ల పండితుల మాట. తాతగారు ఆ తర్వాత ఇంకో పద్నాలుగు నెలలు ఉన్నారు.

మీ అసలు భయం ఆ పెద్దావిడ మతిమరుపు గురించి. అక్కడికి వస్తాను.

మా తాతగారు నలభై ఏళ్లు టాల్ముడ్ బోధించిన మనిషి. నేను వెళ్లేసరికి అన్నీ జారిపోతున్నాయి. ఉదయం చేతుల మీద రెండు పిడుల చెంబుతో నీళ్లు మార్చి మార్చి పోయగానే ఆయనకు పెద్ద పుస్తకం కావాలి. బల్ల మీద తెరిచి పెడితే వేలు పంక్తి వెంట నడిచేది. ఒక్కోసారి పుస్తకం తలకిందులుగా ఉండేది. వేలు అలాగే నడిచేది, పెదవులు కదిలేవి. నేను తిప్పి పెట్టబోతే కొడుకు వద్దని సైగ చేశాడు. ఆయనే లేచి, తండ్రి టీ తాగడానికి తల తిప్పినప్పుడు, పుస్తకాన్ని సవ్యంగా తిప్పి, వేలు ఉన్న చోటును తన వేలితో పట్టుకుని ఉంచాడు. తండ్రి మళ్లీ తల తిప్పేసరికి అంతా సరిగ్గా ఉంది. ఆయన తప్పు చదివితే 'కాదు' అని అనేవాడు కాదు, 'నాన్నా, ఇక్కడ ఇలా రాసి ఉందా?' అని అడిగేవాడు. అలా ప్రశ్నగా అడగమనే వాళ్ల శాస్త్రం చెబుతుంది.

ఆ రాత్రి కూతురు నాకో మాట చెప్పింది. మోషే కొండ మీద నుంచి తెచ్చి పగలగొట్టిన మొదటి రాతిపలకల కథ మీకు తెలుసు. ఆ ముక్కలు ఏమయ్యాయి? వాటిని పారేయలేదట. తర్వాత వచ్చిన మంచి పలకలను ఉంచిన మందసమనే పవిత్రమైన పెట్టెలోనే, వాటి పక్కనే, ఈ ముక్కలనూ ఉంచారని టాల్ముడ్ చెబుతుంది. తన తప్పేమీ లేకుండా చదువు మరచిపోయిన ముసలివారి విషయంలో జాగ్రత్తగా ఉండండి, పగిలిన పలకలూ మందసంలోనే ఉన్నాయి అని రబ్బీ యెహోషువా బెన్ లేవీ తన కొడుకులకు చెప్పాడు. నేను చాలా నర్సింగ్ పాఠాలు విన్నాను. మతిమరుపు రోగుల గురించి ఇంతకు మించిన మాట నాకెక్కడా దొరకలేదు.

అన్నీ మరచిపోయిన తాతగారికి ఒక ప్రార్థన మాత్రం చివరిదాకా పోలేదు. అది మరుగుదొడ్డి నుంచి వచ్చాక చెప్పేది. అవును, దానికీ వాళ్లకు ప్రార్థన ఉంది. మనిషిని రంధ్రాలతో, గుల్లలతో తయారు చేసిన దేవా, వీటిలో ఒక్కటి మూసుకుపోయినా, ఒక్కటి చిరిగినా నీ ముందు నిలబడలేము కదా అని దాని సారాంశం. మొదటిసారి ఆయన్ను శుభ్రం చేసి, బట్టలు సర్ది, చేతులు కడిగించాను. ఆయన సిగ్గుతో తల దించుకుని ఉన్నారు. నాకూ కొత్త. ఇంతలో గొంతు సవరించుకుని ఆ ప్రార్థన స్పష్టంగా, ఒక్క మాట తడబడకుండా చెప్పారు. చెప్పి తలెత్తి నా వైపు చూసి 'ఆమెన్ అను' అన్నారు. అన్నాను. ఆ తర్వాత ఆరేళ్లలో ఆ పని నాకు నీచంగా అనిపించిన రోజు లేదు.

కోపం వచ్చే రోజులు ఉంటాయి. మీరు చూసుకోబోయే ఆవిడ కొట్టవచ్చు, ఉమ్మవచ్చు, దొంగతనం అంటగట్టవచ్చు. అలాంటి రోజుకు ఒక కథ చెప్తాను. తల్లిదండ్రులను ఎంతవరకు గౌరవించాలి అని రబ్బీ ఎలియెజెర్‌ను శిష్యులు అడిగితే ఆయన ఏ యూదు పండితుణ్ణీ చూపలేదు. అష్కెలోన్‌లో ఒక అన్యుణ్ణి చూసి నేర్చుకోండి అన్నాడు. అతని పేరు దామా బెన్ నెతీనా. యెరూషలేము ఆలయానికి కావలసిన రత్నాల కోసం పండితులు ఆరు లక్షల లాభం ఇస్తామని వస్తే, పెట్టె తాళంచెవి నిద్రపోతున్న తండ్రి తలకింద ఉందని ఆయన్ను లేపకుండా వచ్చినవాళ్లను పంపించేశాడు. మరోసారి బంగారు అంచు పట్టువస్త్రంతో రోము పెద్దమనుషుల మధ్య కూర్చుని ఉండగా తల్లి వచ్చి ఆ వస్త్రం చింపి, తల మీద కొట్టి, ముఖాన ఉమ్మింది. అతను ఆమెను ఒక్క మాట అని సిగ్గుపరచలేదు. ఆమె చెప్పుతో కొడుతుంటే చెప్పు జారిపడిందనీ, వంగడానికి ఆమె శ్రమపడకూడదని తానే తీసి చేతికిచ్చాడనీ కూడా చెబుతారు. ఆమెకు మతి చలించిందని తర్వాతి వ్యాఖ్యాతలు రాశారు. చూడండి, తమ పదాజ్ఞల్లో ఒకదానికి పెద్ద ఉదాహరణగా వాళ్లు తమవాణ్ణి కాక పరాయివాణ్ణి నిలబెట్టుకున్నారు. పరాయి ఇంట్లో పరాయి మనిషిగా మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు ఆ కథ ధైర్యం ఇచ్చింది.

చెప్పు ఎత్తి ఇవ్వమని నేను మీకు చెప్పడం లేదు. మిమ్మల్ని కొడితే కుటుంబానికి చెప్పండి, ఏజెన్సీకి చెప్పండి, వారపు సెలవు వదులుకోకండి. తట్టుకోలేని స్థితి ఒకటి ఉంటుందని కన్నబిడ్డలకే రంబం ఒప్పుకున్నప్పుడు మనకు ఉండదా?

ఇంకో చిన్న మాట. మీ విశ్వాసం మీది, మీ గదిలో మీ ప్రార్థన మీరు చేసుకోండి, ఎవరూ అడ్డుకోరు. ఆ ఇంట్లో యేసు గురించి బోధించడానికి మాత్రం ప్రయత్నించకండి. మతం మార్చాలని చూశారంటే వాళ్లకు శతాబ్దాల గాయాలు గుర్తుకొస్తాయి, పని కూడా పోతుంది.

మీ మూడో ప్రశ్న. మా అమ్మ నేను అష్దోద్‌లో ఉండగా పోయింది. తెల్లవారి ఫోను వచ్చింది, సాయంత్రానికి అంత్యక్రియలు అయిపోతాయి, టికెట్టు దొరికినా అందుకోలేను. గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. యూదుల ఇంట చావు జరిగితే ఏడు రోజులు నేలకు దగ్గరగా చిన్న పీటల మీద కూర్చుంటారు, అద్దాలు కప్పేస్తారు, మొదటి భోజనం ఇరుగుపొరుగు తెస్తారు. అది మొరాకో అమ్మమ్మగారి బంధువులు పోయినప్పుడు చూశాను. ఆ మధ్యాహ్నం తలుపు తట్టకుండా తెరుచుకుంది. అమ్మమ్మగారి ఇద్దరు కూతుళ్లు, పక్కింటావిడ వచ్చి నేల మీద నా ఎదురుగా కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. దుఃఖంలో ఉన్నవారు నోరు విప్పేదాకా వచ్చినవారు నోరు విప్పకూడదు. ఎంతసేపో తెలియదు. చివరికి నేనే, 'మా అమ్మ బియ్యం ఏరుతూ పాడేది' అన్నాను. అప్పుడు పెద్దామె 'ఏ పాట?' అని అడిగింది. వాళ్లు తెచ్చిన ఉడికించిన గుడ్లు, పప్పు తిన్నాను. ఆ సాయంత్రం ఆ ఇంట్లో మా అమ్మ పేరున ఇరవై నాలుగు గంటల దీపం వెలిగింది.

తప్పు కాదా అని అడిగారు. దానికి వాళ్ల గ్రంథంలోనే ఒక కథ ఉంది, నేను దాన్ని చాలాసార్లు అడిగి చెప్పించుకున్నాను. రవ్ అస్సీ అనే పండితుడికి ముసలి తల్లి ఉండేది. ఆమె నగలు అడిగితే చేయించాడు. పెళ్లి చేయమంటే చూద్దామన్నాడు. నీలాంటి అందగాడే కావాలని పట్టుబట్టింది. ఆమెకు మతి తప్పిందని వ్యాఖ్యాతలు అంటారు. తట్టుకోలేక ఆమెను బాబిలోనియాలో వదిలి ఇశ్రాయేలు దేశానికి వెళ్లిపోయాడు. కొంతకాలానికి తల్లి తన వెనకే వస్తోందని విని ఎదురెళ్లడానికి సిద్ధమయ్యాడు. వస్తున్నది ఆమె శవపేటిక అని తెలిసింది. 'ముందే తెలిసి ఉంటే బయలుదేరేవాణ్ణి కాదు' అన్నాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. అతను తప్పు చేశాడని గానీ చేయలేదని గానీ తీర్పు లేదు. నేనూ మీకు తీర్పు చెప్పలేను. ఇంటి అప్పు, పిల్లల చదువు నన్ను పంపించాయి, మిమ్మల్నీ అవే పంపిస్తున్నాయి.

ఒకటి మాత్రం చేయగలరు, నేను ఆలస్యంగా నేర్చుకున్నది. ఇతరులను నియమించి వెళ్లవచ్చన్న రంబం మాటలో 'తగినట్టుగా' అన్న పదం ఉంది. అమ్మను ఎవరో ఒకరు చూస్తార్లే అని వెళ్లకండి. తినిపించేది ఎవరు, మందు ఇచ్చేది ఎవరు, స్నానం ఎవరు, ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు, ఆరు పనులకూ ఎదురుగా పేర్లు రాయండి. మీ వదినతో కూర్చుని మాట్లాడి, ఆమెకు నెలకు ఇంత అని విడిగా పంపండి, అది ఆమె చేతికే అందేలా చూడండి. నేను మా వదినకు అలా పంపలేదు. అంతా అన్నయ్య చేతికే పంపాను. అమ్మకు చివరిదాకా చేసింది ఆమె.

శుక్రవారం వంట త్వరగా ముగించండి. యెరూషలేములో సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు, డిసెంబరులో నాలుగు గంటలకే. పెద్దావిడకు మంచి బట్టలు తొడిగి, తలకు గుడ్డ కట్టి, బల్ల దగ్గరకు తీసుకురండి. అగ్గిపుల్ల ఆమె చేత్తోనే గీయించండి, మీ చెయ్యి కింద ఆసరాగా ఉంచండి. వెలిగించాక ఆమె రెండు చేతులతో కళ్లు మూసుకుంటుంది. అన్నీ మరచిపోయినా ఇది మరచిపోదు. ఆ చేతులు తీసేదాకా పలకరించకండి. దానికి పావుగంట ముందే మీ గదిలోకి వెళ్లి అమ్మకు ఫోను చేయండి. డిసెంబరులో అయితే అప్పుడు మన దగ్గర రాత్రి ఏడుంబావు అవుతుంది, అమ్మ అన్నానికి కూర్చునే వేళ. ఏం కూర అని అడగండి.